చలికాలపు చాక్లెట్ పానీయం: డబ్బాదా, ఇంటిదా?

చాక్లెట్ అనగానే మన మనస్సులో మెదిలేది నిగనిగలాడే కాగితంలో చుట్టిన బిళ్ళ. పుట్టినరోజున పంచిపెట్టేది, పరీక్షలో నెగ్గిన పిల్లవాని చేతిలో పెట్టేది. అది త్రాగే వస్తువు అని చెబితే మనలో చాలామందికి వింతగా తోస్తుంది. చరిత్ర మాత్రం మన వింతనే వింతగా చూస్తుంది. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో త్రవ్వకాలలో దొరికిన పాత్రలలో దాదాపు 5,300 సంవత్సరాల నాటి కోకో ఆనవాళ్ళు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించారు. మనం నేడు కొరికి తినే తరహా చాక్లెట్ బిళ్ళను ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై కుటుంబం వారి కర్మాగారం అచ్చులో పోసినది 1847లో. అంతకు ముందు యూరపులో చాక్లెట్ అన్న మాటకు పానీయమనే అర్థం. పానీయమే పెద్దది, బిళ్ళ దానికి నిన్నగాక మొన్న పుట్టిన తమ్ముడు.

ఇంత ప్రాచీనమైన పానీయం చలికాలంలో మన ఇళ్ళకు రాకపోలేదు. వచ్చింది, కాని డబ్బాలో వచ్చింది. వేడి పాలలో రెండు చెంచాల పొడి వేసి, నాలుగుమార్లు త్రిప్పి, చాక్లెట్ త్రాగామని తృప్తిపడుతున్నాము. నా అభిప్రాయంలో అది చాక్లెట్ కాదు. చాక్లెట్ రంగు పూసుకున్న చక్కెర. అసలైన చాక్లెట్ పానీయం ఇంట్లో, పొయ్యి మీద, చేతితో చిలికి చేసుకోవలసిన వస్తువు. అది కష్టమూ కాదు, రాజభోగమూ కాదు. పైగా ఆ గింజ పండే తోటలు మన గోదావరి తీరానే ఉన్నాయి. తోట మనది, పాలు మనవి, కవ్వం మనది. డబ్బా మాత్రం ఎవరిదో. ఈ విపరీతాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాను.

ముందు డబ్బా సంగతి. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పొట్లం మీద పదార్థాల పేర్లను బరువులో ఎక్కువైన దానితో ప్రారంభించి తక్కువైన దాని వరకు వరుసగా ముద్రించవలె. ఇది విద్యార్థి ప్రతి ఒక్కడూ ఎరుగవలసిన నియమం. అర్థశాస్త్ర గ్రంథం ఒకటి చదివితే కలిగే జ్ఞానం ఈ ఒక్క పంక్తి చదివినా కొంత కలుగుతుంది. డ్రింకింగ్ చాక్లెట్ అన్న పేరుతో అమ్ముడయ్యే డబ్బాలను వెనుకకు త్రిప్పి చూడండి. చాలావాటిలో అగ్రపీఠం చక్కెరదే. కోకో దాని వెనుక నిలబడి ఉంటుంది. ఇక ఎదిగే పిల్లలకు బలమిస్తామని చెప్పే మాల్టు పొడులలో కోకో ఇంకా వెనుకకు పోతుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసే సంస్థలకు ఒక సూచన జారీచేసి, ఇట్టి పొడులను "హెల్త్ డ్రింక్స్" అన్న శీర్షిక క్రింద ఉంచరాదని చెప్పింది. కారణం సులభం: మన 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో ఆరోగ్య పానీయం అన్న నిర్వచనమే లేదు. లేని పదవిని ఇన్నేళ్ళు అనుభవించిన ఘనత ఆ డబ్బాలది!

డబ్బా పొడితో చేసిన పానీయం పలుచగా, ఒట్టి తీపిగా ఉండటానికి మరొక కారణం కూడా ఉన్నది. పొట్టు తీసిన కోకో గింజ బరువులో సుమారు సగం కొవ్వే. దానినే కోకో వెన్న అంటారు. ఆ వెన్న సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. అనగా మన శరీరపు వేడికి కొద్దిగా తక్కువ. నోటిలో పెట్టుకున్న చాక్లెట్ పట్టువలె జారిపోవటంలోని రహస్యమంతా ఇదే. 1828లో హాలండు దేశానికి చెందిన వాన్ హౌటెన్ కుటుంబం గింజల ముద్దను గట్టిగా అదిమి, వెన్నలో అధిక భాగాన్ని వేరుచేసే యంత్రానికి హక్కు పత్రం పొందింది. మిగిలిన చెక్కను దంచితే కోకో పొడి. పొడి చవుక అయింది, నిలువ ఉండేది అయింది, సామాన్యునికి అందింది. ఆ మేలును నేను కాదనను. కాని ఆనాటినుండి పానీయం ఒక దారిన, వెన్న మరొక దారిన పోయాయి. పొడి డబ్బాలోకి వెళ్ళింది. వెన్న బిళ్ళలోకి వెళ్ళింది. పానీయంలో పోయిన చిక్కదనాన్ని చక్కెరతో పూడ్చటం తరువాతి వర్తకుల ఉపాయం. చక్కెర తీపిని ఇస్తుంది గాని చిక్కదనాన్ని ఇవ్వలేదు.

చిక్కదనం ఎలా వస్తుందో తెలియాలంటే ఈ పానీయం పుట్టిన మెక్సికో, మధ్య అమెరికాల వంటిళ్ళను చూడాలి. అక్కడ మాయా, ఆజ్టెక్ జాతుల స్త్రీలు వేయించిన గింజలను ఏటవాలుగా ఉన్న రాతిపలక మీద రాతి పొత్రంతో నూరేవారు. గింజలోని వెన్న తేలికగా కరగటానికి ఆ రాతి క్రింద నిప్పుకణికలు ఉంచే ఆచారమూ కలదు. మెటాటే అని వారు పిలిచే ఆ రాయి మన సన్నికల్లుకు అక్కగారు. నూరిన ముద్దను నీటిలో కలిపి, ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి ఎత్తునుండి ధారగా పోసి నురుగు లేపేవారు. మన కాఫీ హోటళ్ళలో గ్లాసుకూ గిన్నెకూ మధ్య గజం పొడుగు ధార సాగదీసే వానిని చూసినవారికి ఈ పద్ధతి వివరించనవసరం లేదు. స్పానిష్‌వారు ఆ దేశాన్ని ఆక్రమించిన తరువాత మొలినియో అనే కొయ్య పరికరం వాడుకలోకి వచ్చింది. దాని పిడిని రెండు అరచేతుల మధ్య ఉంచి ముందుకు వెనుకకు త్రిప్పుతారు. చిత్రపటం చూస్తే మన కవ్వమే అనిపిస్తుంది. మొక్కజొన్న పిండి కలిపి చిక్కగా కాచే చంపుర్రాదో అనే చాక్లెట్ అంబలి నేటికీ మెక్సికోలో చలి ఉదయాలలో త్రాగుతారు. మన రాగి అంబలి ఎరిగినవారికి, ఉర్దూ కుటుంబాల ఇళ్ళలో చలిరోజులలో బాదం, గసగసాలు నూరి పాలతో కాచే హరీరాను ఎరిగినవారికి ఇందులోని సూత్రం వెంటనే బోధపడుతుంది. కొవ్వు ఉన్న గింజను మెత్తగా నూరటం, పిండితో కొంచెం చిక్కబరచటం, బాగా చిలకటం. మూడూ మనకు వచ్చిన విద్యలే.

ఈ రాతి బంధుత్వానికి ఒక ఆధునిక నిదర్శనం చెప్పక వదలలేను. గత రెండు దశాబ్దాలలో అమెరికాలో గింజనుండి స్వయంగా చాక్లెట్ తయారుచేసే చిన్న చిన్న వృత్తికారులు పుట్టుకొచ్చారు. పెద్ద యంత్రాలు కొనే స్తోమత లేక వారిలో అనేకులు ఆశ్రయించినది దేనినో తెలుసా? దోసెల పిండి రుబ్బటానికి కోయంబత్తూరులో తయారైన వెట్ గ్రైండరును! దానికి కొద్ది మార్పులు చేసి గంటల తరబడి కోకో గింజలను నూరారు. మన అమ్మమ్మల రుబ్బురోలు ఈ విధంగా చాక్లెట్ ప్రపంచంలో ఒక గౌరవస్థానం సంపాదించింది. మనకే ఆ వార్త ఆలస్యంగా చేరింది.

ఇక తయారీ. నలుగురికి చిన్న కప్పులతో సరిపడే లెక్క చెబుతాను. చిన్న కప్పులు అని ఎందుకంటున్నానో త్రాగినవారికి తెలుస్తుంది. 600 మిల్లీలీటర్ల చిక్కని పాలు, 120 గ్రాముల నల్ల చాక్లెట్, రెండు పెద్ద చెంచాల తీపి లేని కోకో పొడి, రెండు చిన్న చెంచాల చక్కెర, రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్, అంగుళం దాల్చినచెక్క, చిటికెడు ఉప్పు. ఉప్పు ఎందుకని అడుగుతారు. చేదును కొంచెం అణచి చాక్లెట్ రుచిని పైకి తెస్తుంది గనుక. పరమాన్నంలో చిటికెడు ఉప్పు వేసే ఇల్లాండ్రకు ఇది కొత్త కాదు.

పాల విషయంలో మనం అదృష్టవంతులం. యూరపు వంటల పుస్తకాలలో ఈ పానీయానికి పాలతోపాటు మీగడ కూడా వేయమని వ్రాస్తారు. వారి ఆవుపాలలో కొవ్వు సుమారు నూటికి నాలుగు పాళ్ళే. మన గేదెపాలలో అది ఆరు, ఏడు పాళ్ళుంటుంది. కనుక మంచి గేదెపాలు దొరికినచోట మీగడ ప్రసక్తి అక్కరలేదు. ఇంగ్లీషు పుస్తకం చూసి మీగడ కోసం బజారుకు పరుగెత్తటం అనవసరపు శ్రమ. అయితే నీళ్ళు కలిపిన పాలతో మాత్రం ఈ పని చేయకండి.

చాక్లెట్ కొనేటప్పుడు మరల ఆ పదార్థాల వరుసనే ఆశ్రయించాలి. కోకో ముద్ద, కోకో వెన్న, చక్కెర ఉంటే చాలు. కోకో పాలు నూటికి అరవై, డెబ్భై మధ్య ఉంటే మన నాలుకకు సరిపోతుంది. వెన్న స్థానంలో ఏదో వనస్పతి కొవ్వు కనబడితే అది బజారులో కాంపౌండ్ అని పిలిచే రకం. అచ్చుబొమ్మలకు, కేకుల పైపూతకు పనికివస్తుందేమో గాని మన గిన్నెలోకి రానివ్వకూడదు. దానితో చేసిన పానీయం త్రాగిన తరువాత పైఅంగిలికి మైనం అంటుకున్నట్లుంటుంది.

మొదట ఒక గిన్నెలో కోకో పొడి, చక్కెర వేసి మూడు నాలుగు చెంచాల వేడినీళ్ళతో ముద్దగా కలపాలి. ఇక్కడే చాలామంది త్వరపడి పొడిని నేరుగా పాలలో జల్లుతారు. కోకో పొడి నిజానికి పాలలో కరిగేది కాదు. సన్నని రేణువులుగా తేలియాడేది. పాలలో ఒక్కసారిగా పడితే ఉండలు కట్టి, లోపల పొడిగానే మిగిలిపోతుంది. శనగపిండి కలపటం వచ్చినవారికి ఈ ముద్ద కలపటం వచ్చినట్లే. కార్న్‌ఫ్లోరును మాత్రం చల్లని పాలు కొద్దిగా తీసుకొని వేరుగా కలపాలి. వేడి తగిలితే అది ఉండకడుతుంది.

మిగిలిన పాలను దాల్చినచెక్కతో మందపాటి గిన్నెలో కాచి, పొంగు వచ్చే ముందు దించాలి. అర నిమిషం ఆగి, తురిమిన చాక్లెట్ వేసి, ఇంకొక నిమిషం ముట్టుకోకుండా వదలాలి. ఈ ఒక్క నిమిషపు ఓర్పు ముఖ్యం. చాక్లెట్ తనంతట తాను మెత్తబడిన తరువాత చిలికితే ఎక్కడా పలుకు మిగలదు. కొందరు చాక్లెట్‌ను విడిగా కరిగించి పోస్తారు. అందులో ఒక చిక్కున్నది. కరుగుతున్న చాక్లెట్‌లో రెండు చుక్కల నీరు పడితే చాలు, అది బిగుసుకుపోయి ఇసుక ముద్దవలె తయారవుతుంది. నీరు చాలా ఉంటే బాధలేదు, లేకుంటే బాధలేదు. కొంచెం ఉంటేనే ప్రమాదం. కనుక పాలలోనే కరిగించటం క్షేమం.

ఇప్పుడు కోకో ముద్దను, కార్న్‌ఫ్లోర్ పాలను కలిపి, సన్నని సెగమీద పెట్టి, అడుగంటకుండా త్రిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు ఉంచితే గరిటె వెనుకకు అంటేటంత చిక్కబడుతుంది. తెర్లనివ్వకూడదు. పెద్ద మంటమీద తెర్లితే కోకో అడుగున మాడుతుంది, వెన్న విడివడి పైన తేలుతుంది. ఉప్పు వేసి, దాల్చినచెక్క తీసివేసి, దించి, కవ్వంతో నురుగు లేచేదాకా చిలకాలి. ఈ చిలుకుటను అలంకారం అనుకోవద్దు. గాలి చేరిన నురుగు నాలుకకు తేలికగా తోస్తుంది, వెన్న పాలలో సమంగా సర్దుకుంటుంది, అడుగున మడ్డి పేరుకోదు. ఎలక్ట్రిక్ పరికరాలున్నవారు వాటిని వాడుకోవచ్చు. అరచేతుల మధ్య కవ్వం త్రిప్పితే చలికి చేతులు కూడా వెచ్చబడతాయన్నది నా పక్షపాతం.

ఓపిక ఉన్నవారికి ఒక మాట. ఫ్రాన్సు దేశపు భోజనశాస్త్ర రచయిత బ్రియా సవరె 1825లో వెలువడిన తన గ్రంథంలో, చాక్లెట్‌ను ముందునాటి రాత్రే కాచి ఉంచి మరునాడు త్రాగితే దానికి మఖమలువంటి మృదుత్వం వస్తుందని ఒక మఠాధిపతురాలు చెప్పినట్లు వ్రాశాడు. మన పులుసులకు, కొన్ని పచ్చళ్ళకు ఉన్న గుణమే దీనికీ ఉన్నది. రాత్రి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం నెమ్మదిగా వేడిచేసి మళ్ళీ చిలికితే ఆ మఠాధిపతురాలి మాటలో నిజం కనబడుతుంది.

ఊరికొక తీరుగా ఈ పానీయాన్ని మార్చుకున్నారు. మాడ్రిడ్‌లో దానిని చెంచా నిలబడేటంత చిక్కగా చేసి, నూనెలో వేయించిన చుర్రోలను అందులో ముంచి తింటారు; జంతికను పాయసంలో ముంచినట్లు. ఇటలీలోని టురిన్ నగరంలో బిచెరిన్ అనేది కాఫీ, చాక్లెట్, మీగడ మూడు పొరలుగా ఒకే గాజు గ్లాసులో ఇస్తారు. దానిని కలపకుండా త్రాగాలట. కొలంబియాలో వేడి చాక్లెట్‌లో జున్నుముక్కలు వేసుకుంటారు. దీనిని మాత్రం నేను దూరంనుండే గౌరవిస్తాను. అమెరికావారు పైన తేలవేసే మార్ష్‌మాలో అనే తెల్లని మెత్తని బిళ్ళల విషయంలో ఒక హెచ్చరిక. అవి సాధారణంగా జంతువుల ఎముకలు, చర్మం నుండి తీసిన జెలటిన్‌తో చేస్తారు. హలాల్ పాటించే మిత్రులూ, శాకాహారులూ, ఉభయులూ పొట్లం చదివి గాని ముట్టవద్దు. మన కవ్వం లేపిన నురుగు ఉండగా వాటి అవసరమేమున్నది?

ఇది పరదేశీ పానీయం గదా, మనకెందుకు అని కొందరు పెద్దలు అనవచ్చు. వారికి సవినయంగా ఒక్క విషయం గుర్తుచేస్తాను. మిరపకాయ వచ్చినది కూడా ఆ అమెరికా ఖండం నుండే. ఆజ్టెక్కులు తమ చాక్లెట్‌లో మిరప కలుపుకొని త్రాగేవారు. పోర్చుగీసు ఓడల వెంట ఒకటి ముందు వచ్చి గుంటూరులో స్థిరపడి, మన జాతి లక్షణమైపోయింది. రెండవది ఆలస్యంగా బయలుదేరింది. అంతే తేడా. తేయాకు సంగతి మరీ దగ్గరిది. అస్సాంలో తేయాకు తోటల వ్యాపారం 1830ల తరువాతిది. అటువంటి టీ ఈనాడు మన కమిటీ సమావేశాలలో లేకపోతే సమావేశమే జరగదు.

ఖర్చు అన్నది బలమైన అభ్యంతరం. నల్ల చాక్లెట్ చవుక కాదు. దీనిని నేను దాచను. అయితే లెక్క వేయవలసిన తీరు ఒకటున్నది. పెద్ద నగరాల కాఫీ దుకాణాలలో ఒక్క గ్లాసుకు చెల్లించే డబ్బుతో ఇంట్లో నలుగురూ త్రాగవచ్చు. చాక్లెట్ సగానికి తగ్గించి, కోకో పొడి మరొక చెంచా పెంచి, గేదెపాలతో చేస్తే ఖర్చు ఇంకా దిగుతుంది. రుచి కొంచెం దిగుతుంది, చెడిపోదు. డబ్బాలో చక్కెరను కోకో ధరకు కొనటంకంటె, చక్కెరను చక్కెర ధరకూ, కోకోను కోకో ధరకూ విడివిడిగా కొనటం లాభమని చెప్పటానికి వాణిజ్యశాస్త్ర విద్యార్థి కానవసరం లేదు. ఆరోగ్యం మాటకు వస్తే, ఇది మందు కాదు. కొవ్వూ, కొంత చక్కెరా ఉన్న బలమైన పానీయం. రోజూ మూడుపూటలా త్రాగవలసినది కాదు. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడిగి గాని త్రాగరాదు. ఇంట్లో చేసుకున్నందువల్ల కలిగే మేలు ఒక్కటే. ఎంత తీపి వేశామో మనకు తెలుసు.

ఇక అసలు విషయం, నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన విషయం. భారతదేశంలో కోకో విస్తీర్ణంలోనూ, దిగుబడిలోనూ ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానం. గోదావరి జిల్లాలలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో ఈ చెట్లు అంతరపంటగా పెరుగుతాయి. కాండానికే అంటుకొని కాసే ఆ పసుపుపచ్చని కాయలను కోసి, పగులగొట్టి, తెల్లని గుజ్జుతో కూడిన గింజలను ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. పులియబెట్టటంలోనే చాక్లెట్ రుచికి పునాది పడుతుంది. ఆ పని సరిగా చేయని గింజకు ఏ కర్మాగారమూ తరువాత రుచి తేలేదు. ఇంత నేర్పు కలిగిన రైతు ఇంట్లో ఆ గింజతో ఏమి చేసుకుంటారు అని అడిగితే, చాలాచోట్ల వచ్చే జవాబు ఏమీ లేదనే. గింజ లారీ ఎక్కిపోతుంది. అదే గింజ రంగు కాగితంలో తిరిగివచ్చినప్పుడు రైతు పిల్లవాడు దానిని కొంటాడు.

ధర ఎక్కడ నిర్ణయమవుతుంది? లండన్, న్యూయార్క్ నగరాల వాయిదా వ్యాపార కేంద్రాలలో. ప్రపంచపు కోకోలో సగానికి మించి పండించే ఐవరీకోస్టు, ఘనా దేశాలలో తెగులు, వాతావరణ వైపరీత్యాల వలన పంట దెబ్బతిని, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో టన్ను ధర 12,000 డాలర్లు దాటింది. ఆ 2024లో మన గోదావరి గింజ కూడా కిలో వేయి రూపాయల వరకు పలికింది. 2025లో ధర సగానికి పడిపోయింది, కొనేవారు వెనుకాడారు, రైతులు ఏలూరు ప్రాంతంలో గిట్టుబాటు ధర కోసం వీధికెక్కవలసి వచ్చింది. ఒక సంవత్సరం ఆకాశం, మరు సంవత్సరం పాతాళం. కేరళ, కర్ణాటకల రైతులు ఇట్టి దెబ్బను 1980 ప్రాంతంలోనే తిన్నారు. వారి సహకార సంస్థ అయిన కాంప్కో గింజల కొనుగోలుకు దిగి, 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ కర్మాగారమే నెలకొల్పింది. మన గోదావరి గింజకు అట్టి సహకార కర్మాగారం ఏది? గోదావరి గింజలతో చాక్లెట్ చేసే చిన్న సంస్థలు ఇటీవల హైదరాబాదులో వెలిశాయి, సంతోషమే. అవి చేసేది ఖరీదైన సరుకు. సామాన్యుడు పాలలో వేసుకొని కాచుకునే ముతక కోకో ముద్ద బిళ్ళలు, ఫిలిప్పీన్స్ దేశంలో తబ్లేయా పేరుతో ప్రతి సంతలోనూ దొరికేటటువంటివి, మన రైతుబజారులో కనబడవు. వేయించటం, పొట్టు తీయటం, గ్రైండరులో రుబ్బటం, అచ్చు పోయటం; ఇది అప్పడాల పరిశ్రమకంటె కష్టమైన పని కాదు. మహిళా పొదుపు సంఘాలు చేపట్టదగిన పని.

మనం చలికాలంలో నాలుగు కప్పులు కాచుకున్నంత మాత్రాన లండన్ ధర మారుతుందని నేను భ్రమపడటం లేదు. కాని పండించే సీమలో త్రాగేవారే లేకపోతే ఆ పంటకు ఇంటి గిరాకీ అన్నది ఎన్నటికీ పుట్టదు. అరకు కాఫీ పేరు ఇప్పుడు మనకు గర్వకారణం. గింజ ఎక్కడిదో తెలిసి కొనటంలో ధర్మం కూడా ఉన్నది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా సంస్థ 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారం ఐవరీకోస్టు, ఘనా దేశాల కోకో సాగు ప్రాంతాలలో సుమారు 15 లక్షల 60 వేలమంది బాలబాలికలు ఆ పనులలో ఉన్నారు. పరీక్ష పాసైనవానికి ఇచ్చే మిఠాయి వెనుక బడికి పోని పిల్లవాడు ఉండటం విద్యాసంస్థలో ఉన్న మనలను కలవరపెట్టవలసిన విషయం. డబ్బా మీద గింజ ఊరు వ్రాయరు. ఏలూరు పరిసరాల తోటకు మాత్రం మన విద్యార్థులు బస్సులో వెళ్ళి చూసి రావచ్చు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. డిసెంబరు పదిహేను నుండి సంక్రాంతి సెలవుల వరకు, ఉదయపు తరగతులకు ముందు, క్యాంటీనులో ఈ పానీయాన్ని చిన్న కప్పులతో అమ్మించండి. డబ్బా పొడి ఆ నెలరోజులూ క్యాంటీను గడప దాటరాదు. కోకోను గోదావరి గింజతో చేసినవారి వద్దనే, వీలయితే నేరుగా, తెప్పించండి. ఏ పదార్థం ఎంత వేశారో బరువు వరుసలో ఉర్దూ, తెలుగు రెండు భాషలలోనూ వ్రాసి గోడకు అంటించే పని వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు అప్పగించవచ్చు. ఖర్చు లెక్క కూడా అక్కడే వ్రాస్తే, కప్పు ధర న్యాయమో అన్యాయమో త్రాగేవారే తేల్చుకుంటారు. వృక్షశాస్త్ర శాఖవారు ఒక కోకో కాయ తెప్పించి గాజు బీరువాలో ఉంచితే మరీ మంచిది. తాము త్రాగేది చెట్టుకు కాసినదని కొందరికైనా తెలుస్తుంది. క్యాంటీను వంటవానికి కావలసినవి మందపాటి గిన్నె, సన్నని సెగ, కొయ్య కవ్వం. కవ్వం మాత్రం కొత్తది కొనాలి. మజ్జిగ చిలికే కవ్వానికి పులుపు అంటుకొని ఉంటుంది. దానిని వేడి పాలలో పెడితే చాక్లెట్ విరిగిపోవచ్చు.